మూడిళ్ళు ఒప్పుకున్న పెళ్ళి

మా పెళ్ళి జరిగిందో లేదో తేల్చడానికి మా ఊళ్ళో తొమ్మిది కంప్యూటర్లు పద్దెనిమిది రోజులు శ్రమించాయి. ఇంత శాస్త్రీయంగా పెళ్ళయిన జంట ఈ చుట్టుపక్కల మరొకటి లేదని నా నమ్మకం. ఈ మాట నలుగురిలో అనొద్దని మా ఆయన ఫణీంద్ర అంటారు. అంటే నవ్వొస్తుందని, నవ్వితే ప్రమాదమని ఆయన భయం.

పెళ్ళి మాఘమాసంలో అయింది. ఆయనది భూసార పరీక్షా కేంద్రంలో ఉద్యోగం. రైతులు సంచుల్లో తెచ్చిన మట్టిని పరీక్షించి, ఏ ఎరువు ఎంత వెయ్యాలో చీటీ రాసిస్తారు. నేను అదే ఊళ్ళో మునిసిపల్ హైస్కూల్లో సైన్సు టీచర్ని. గోదావరి కాలవ పక్క వీధిలో, మంగతాయారు గారి మేడ మీద రెండు గదుల వాటాలో కాపురం పెట్టాం. అద్దెకు దిగిన రోజే ఆవిడ, "నన్ను ఆంటీ గీంటీ అన్నావంటే వాటా ఖాళీ చేయిస్తా" అన్నారు. అందుకని పిన్నిగారయ్యారు.

ఆ వాటాలో నాకు అన్నీ నచ్చాయి. వంటగది కిటికీలోంచి కాలవ మీద పడవ కనిపించడం నచ్చింది. కుళాయి తిప్పగానే ముందు దగ్గి, తర్వాత నీళ్ళివ్వడం నచ్చింది. అన్నిటికన్నా ముందుగదిలో ఆయన పెట్టిన పాత కంప్యూటరు నచ్చింది. కాలేజీ రోజుల్లో విడిభాగాలు కొనుక్కొచ్చి తనే బిగించుకున్నారట. దాని తెర మీద రంగురంగుల చుట్ట ఒకటి మెల్లగా తిరుగుతూ ఉండేది.

"ఏంటండీ అది? అచ్చం జంతికలా ఉంది!" అన్నాను మూడోరోజున.

"ప్రొటీన్ అణువు. అదెలా మడత పడుతుందో లెక్క కడితే మందులు కనిపెట్టడానికి పనికొస్తుంది. అంత పెద్ద లెక్క ఒక్కచోట తేలదు. అందుకని శాస్త్రవేత్తలు దాన్ని లక్ష ముక్కలు చేసి, ఇళ్ళల్లో ఖాళీగా ఉన్న కంప్యూటర్లకి పంచుతారు. మనం వాడనప్పుడు ఇది తన ముక్క తను చేసుకుంటూ ఉంటుంది."

"తప్పు చేస్తేనో?"

"ఒకే ముక్కని మూడిళ్ళకి పంపిస్తారు. కనీసం ఇద్దరి జవాబు కలిస్తేనే ఒప్పుకుంటారు."

నాకు పట్టరాని ఆనందమేసింది. మేం సినిమాకి వెళ్ళినప్పుడు, నిద్రపోయినప్పుడు, మార్కెట్లో వంకాయలు ఏరుతున్నప్పుడు కూడా మా ఇంట్లో ఒకరు మానవజాతి కోసం పనిచేస్తున్నారన్నమాట. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసులు పట్టుకుని ఇద్దరం తెర ముందు నిలబడేవాళ్ళం. "నలభై రెండు శాతం వేగింది" అనేవారు ఆయన. "గుల్లగా వస్తుందంటారా?" అనేదాన్ని. ఒక జంతిక పూర్తయిన రోజున బజారుకెళ్ళి చెరో గోళీసోడా తాగొచ్చాం.

నాలో నేను ఆనందించి ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. ఫిబ్రవరి ఇరవై ఎనిమిదిన స్కూల్లో సైన్సు దినోత్సవం జరిగింది. అందులో దీని గురించే ఉపన్యసించాను. ముఖ్య అతిథి మా ఊరి పౌర ధ్రువపత్రాల కార్యాలయం ప్రత్యేకాధికారి వరదరాజులు గారు. జననం, మరణం, పెళ్ళి, నివాసం, ఏ కాగితం కావాలన్నా ఆయన ఆఫీసుకే వెళ్ళాలి. ఉపన్యాసం మొదలైన రెండో నిమిషంలో ఆయన కళ్ళు మూసుకున్నారు. పన్నెండో నిమిషంలో నేను "ఖాళీగా ఉన్న సమయం" అనగానే తెరిచారు.

సభ అయ్యాక నన్ను పక్కకి పిలిచారు.

"అమ్మా, వాడకుండా ఉంచిన కంప్యూటరు సేవ చేస్తుందన్నావు. రూఢియేనా?"

"రూఢియేనండీ."

"ఎంత ఎక్కువసేపు వాడకపోతే అంత ఎక్కువ సేవా?"

"ఒకరకంగా అంతేనండీ."

ఆయన నిట్టూర్చారు. ఇన్నేళ్ళ సర్వీసులో గుర్తింపు దొరకని మనిషి నిట్టూర్పు అది. "మా ఆఫీసులో ఇరవై ఆరు ఉన్నాయమ్మా" అన్నారు.

వారం తిరక్కుండా సర్క్యులరు వచ్చింది. "పట్టణ పరిధిలోని ప్రతి గృహ కంప్యూటరు యజమానియు తన యంత్రము యొక్క నిరుపయోగ కాలమును స్వచ్ఛందముగా విజ్ఞానమునకు సమర్పించవలెను. స్వచ్ఛందముగా సమర్పించని వారిపై చర్య తీసుకొనబడును." నాకు గర్వంగా అనిపించింది. నా ఉపన్యాసం గ్రాంథికంలోకి వెళ్ళడం అదే మొదటిసారి.

వారం వారం ఏ కంప్యూటరు ఎంతసేపు ఖాళీగా ఉందో జాబితా వేసి ఆఫీసు గోడకి అంటించేవారు. ఇళ్ళ జాబితాలో మేం పద్నాలుగో స్థానంలో ఉన్నాం. ఆఫీసుల జాబితాలో వరదరాజులు గారి ఆఫీసుదే మొదటి స్థానం. వాళ్ళ సొంత కృషితో ఇరవై ఆరు కంప్యూటర్లూ రోజుకి సగటున ఇరవై రెండున్నర గంటలు ఖాళీగా ఉన్నాయి. మిగిలిన గంటన్నర కూడా ఎందుకు వృథా అవుతోందని ఆరా తీస్తే, జనం వచ్చి పనులడగడం వల్ల అని తేలింది.

దానికి ఆయన పరిష్కారం కనిపెట్టారు. కంప్యూటర్ల చుట్టూ తాడు కట్టించి, "ఇచ్చట విజ్ఞానము జరుగుచున్నది. తాకరాదు" అని బోర్డు పెట్టించారు. గుమాస్తాల కుర్చీలు గోడవైపు తిప్పించారు. పైనుంచి ఒక బృందం వచ్చి చూసి, ప్రజాసేవలో ఇంత నిశ్చలత తామెక్కడా చూడలేదని మెచ్చుకుని, శాలువా కప్పి వెళ్ళిపోయింది.

ఇదంతా మేం పేపర్లో చదివి నవ్వుకున్నాం. మే నెల మూడోవారంలో మా ఆయన పేరు బదిలీల జాబితాలో వచ్చేదాకా నవ్వుకున్నాం.

చింతూరు. ఇక్కణ్ణుంచి బస్సులో పొద్దున ఎక్కితే దిగేసరికి సాయంత్రం. ఆయన అక్కడ, నేను ఇక్కడ, మూడేళ్ళు. పెళ్ళయి అప్పటికి మూడు నెలలు.

"కంగారు పడకు నిరూ, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే ఒకేచోట ఉంచాలని రూలుంది. పెళ్ళి ధ్రువపత్రం జతచేసి జూన్ పదో తారీఖులోగా ఇస్తే చాలు, జాబితాలోంచి పేరు తీసేస్తారు" అన్నారు.

"అంతేనా!" అనుకుని, పెళ్ళి ఆల్బం, శుభలేఖ, పురోహితుడి సంతకం పట్టుకుని ఇద్దరం స్కూటరు మీద వరదరాజులు గారి ఆఫీసుకి వెళ్ళాం.

లోపల దేవాలయంలో ఉన్నంత ప్రశాంతంగా ఉంది. సీనియర్ అసిస్టెంటు శేషుమాంబ గారు గోడవైపు తిరిగి స్వెట్టరు అల్లుకుంటున్నారు.

"పెళ్ళి కాగితం కావాలండీ" అన్నాను.

"నాకూ కావాలనే ఉందమ్మా ఇవ్వడానికి" అన్నారు ఆవిడ, వెనక్కి తిరక్కుండానే. "కానీ కంప్యూటరు ముట్టుకుంటే ఖాళీ తగ్గిపోతుంది. ఖాళీ తగ్గితే రెండో స్థానం. రెండో స్థానమైతే మా సారు అన్నం మానేస్తారు. మొన్న ఎవరిదో డెత్ సర్టిఫికెట్ అని నాలుగు నిమిషాలు వాడితే మెమో ఇచ్చారు."

"మరి జనం పనులెలాగండీ?"

"అదేనమ్మా, ఇవాళే తేలింది. కొత్త సర్క్యులరు. సారు చెప్తారు, లోపలికెళ్ళండి."

వరదరాజులు గారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. "రా అమ్మా! ఈ ఉద్యమానికి తల్లివి నువ్వు" అన్నారు. సంగతి చెప్పాం. ఆయన చిరునవ్వు నవ్వి, బల్ల మీది కాగితం తీసి గొంతు సవరించుకున్నారు.

"కార్యాలయ కంప్యూటర్లు విజ్ఞానమందు నిమగ్నమై యున్నందున, కార్యాలయపు పనిని ముక్కలుగా విభజించి, నిరుపయోగముగా ఉన్న గృహ కంప్యూటర్లకు పంపిణీ చేయుటకు నిర్ణయమైనది."

మా ఆయన ఒక్క క్షణం ఆలోచించారు. "అంటే ఇళ్ళల్లో కంప్యూటర్లు మీ పని చేస్తాయి. మీ కంప్యూటర్లు ఇళ్ళవాళ్ళు చెయ్యాల్సిన సైన్సు చేస్తాయి. అంతేనాండీ?"

"ఎంత చక్కగా గ్రహించావు నాయనా!"

"మరి ఎవరి పని వాళ్ళే చేసుకుంటే?"

"అందులో భాగస్వామ్యం ఏముంది?" అన్నారు ఆయన జాలిగా.

పద్ధతి ఇలా ఉంది. "ఈ ఇద్దరూ భార్యాభర్తలా?" అన్న ప్రశ్న వీధిలో మూడిళ్ళ తెరల మీదికి వెళ్తుంది. ఆ ఇంటివాళ్ళు అవును అనో కాదు అనో నొక్కాలి. ఆరు రోజుల్లో కనీసం రెండు జవాబులు కలవాలి. కలవకపోతే వేరే మూడిళ్ళకి పంపుతారు.

"కంప్యూటరు లెక్క కట్టాలి కదండీ, మనుషులు నొక్కడమేంటి?" అన్నాను.

"గృహస్థుని కంప్యూటరులో అంతర్భాగంగా పరిగణించడమైనది" అన్నారు వరదరాజులు గారు. "ఐదో పేరా."

"ఇవిగోనండీ పెళ్ళి ఫోటోలు. ఇది జీలకర్రా బెల్లం, ఇది తలంబ్రాలు..."

ఆయన ఆల్బం మీద చెయ్యి పెట్టి మూసేశారు. "అమ్మా, ఆధారం చూసి నిర్ణయిస్తే అది ఒక అధికారి అభిప్రాయం అవుతుంది. రేపు ఎవరైనా ప్రశ్నిస్తారు. మూడిళ్ళు చెప్తే అది ఫలితం. ఫలితాన్ని ఎవరూ ప్రశ్నించలేరు."

"రెండిళ్ళవాళ్ళు కాదంటే?" అన్నారు మా ఆయన.

"అప్పుడు కాలేదన్నమాటే కదా!"

బయటికొచ్చాక కూడా మాకు భయం వెయ్యలేదు. వీధిలో అందరికీ మేం తెలుసు. పిన్నిగారింట్లోనైతే ప్రశ్న ఆ సాయంత్రమే వచ్చింది. ఆవిడ మెట్ల కింద నుంచే అరిచారు. "ఒసే నిరుపమా! నీకు పెళ్ళయిందా అని అడుగుతోందే నా కంప్యూటరు! దీని మొహం మండా, అయిందని నొక్కాను!"

ఆరోరోజున ఫలితం వచ్చింది. ఒకరు అవునన్నారు, ఒకరు కాదన్నారు, మూడో ఇల్లు తాళం వేసి తిరుపతి వెళ్ళింది.

కాదన్నది ఎవరో కనుక్కోవడం పిన్నిగారికి పావుగంట పని. ఎదురింటి హోమియో డాక్టరు సన్యాసిరావు గారు. ముప్పయ్యేళ్ళుగా వీధందరికీ ఆయనే తెల్లగోళీలు ఇస్తున్నారు. మనసుకి కష్టమనిపించి, వెళ్ళి అడిగాను.

"మా మీద కోపమాండీ?"

"అయ్యో, కోపమేంటి తల్లీ. మీరిద్దరూ నాకెంతో ఇష్టం. కానీ ప్రభుత్వం అడిగినప్పుడు ఉన్నది చెప్పాలి కదా." కుర్చీ చూపించి, ఆయన సావకాశంగా వివరించారు. "మొన్న ఇద్దరూ ఒకే ఐస్‌ఫ్రూట్ తిన్నారు. స్కూటరు మీద వెళ్తూ పాడారు. అతను ఆఫీసు నుంచి మధ్యాహ్నం ఫోన్ చేసి తిన్నావా అని అడుగుతాడు, నువ్వు డాబా మీద నిలబడి ఏం తిన్నావో కూరతో సహా చెప్తావు. నేను వీధిలో నలభై కాపురాలకి మందిచ్చాను. ఎక్కడా ఈ లక్షణాలు లేవు. లక్షణాల్ని బట్టే కదమ్మా నేను పోయేది."

ఆయన పక్కనే మందు పొడి కలుపుతున్న భార్య వరలక్ష్మి గారు తలెత్తకుండా, "మీకు లేవని ఎవరికీ ఉండకూడదా?" అన్నారు.

"చూశావా? ఇలా ఉంటుంది" అన్నారు ఆయన నాతో.

రెండోసారి మరో మూడిళ్ళకి వెళ్ళింది. ఒకరు అవును. ఒకరు కాదు. మూడో ఆయన రిటైరైన హెడ్మాస్టరు. ఎవరి మనసూ నొప్పించకూడదని రెండూ నొక్కారు.

అప్పటికి జూన్ మూడో తారీఖు. మూడోసారి పంపితే ఆరు రోజులు, అంటే తొమ్మిది. కాగితం ఇవ్వాల్సింది పదికి. ఇదే చివరిది. ఈ మూడిళ్ళలో రెండు కాదన్నాయంటే మేం శాస్త్రప్రకారం పెళ్ళికానివాళ్ళం, ఆయన చింతూరు బస్సెక్కుతారు.

శేషుమాంబ గారు మమ్మల్ని వరండాలోకి పిలిచి, ఊలు ఉండ చంకలో పెట్టుకుని, గొంతు తగ్గించి చెప్పారు. "మీరేం అనుకోకపోతే ఒక మాట. ఈ ఆరు రోజులూ కాస్త మొగుడూ పెళ్ళాల్లా ఉండండమ్మా. మీరలా భుజాలు రాసుకుంటూ వస్తే నాకే అనుమానంగా ఉంది."

సరేనని ఆ సాయంత్రమే డాబా మీద పోట్లాట పెట్టుకున్నాం. అంశం ఉప్మాలో ఉప్పు. అందరూ వీధి అరుగుల మీదికి వచ్చే వేళ చూసుకున్నాం.

"ఇదేం ఉప్మా? మనుషులు తినేదేనా?" అని ఆయన అరిచారు. చాలా బాగా అరిచారు.

"తినకపోతే మానెయ్యండి!" అన్నాను.

"మానేస్తాను!" అని ఆయన పళ్ళెం విసురుగా పక్కకి తోశారు. తోసి, అందులో జీడిపప్పు మిగిలిపోయిందని చూసుకుని, టక్కున ఏరి నోట్లో వేసుకున్నారు. నాకు నవ్వాగలేదు. నేను నవ్వేసరికి ఆయనకి పొలమారింది. నేను వీపు నిమిరాను. ఎదురుగా సన్యాసిరావు గారు విచారంగా తల అడ్డంగా ఊపి లోపలికెళ్ళిపోయారు.

మర్నాడు కరెంటు బిల్లు గురించి ప్రయత్నించాం. ఆ మర్నాడు మా అత్తగారి గురించి. ఆవిడ పండక్కి నాకు పెట్టిన ఆకుపచ్చ చీర ఎంత బావుందో గుర్తొచ్చి, ఆ పోట్లాట ఆవిడకి ఫోన్ చెయ్యడంతో ముగిసింది. వీధిలో మా పరువు పూర్తిగా పోయింది. "పాపం, ఎక్కడా పొసగటం లేదు" అనాల్సిన చోట, "ఎక్కడా పోట్లాడుకోరు, ఏదో ఉంది" అనుకుంటున్నారని పిన్నిగారు చెప్పారు.

జూన్ తొమ్మిది వచ్చింది. మూడిళ్ళలో ఒక్కరూ ఇంకా నొక్కలేదు. సాయంత్రం అయిదింటికి స్కూల్ రిజిస్టర్లు సర్దుకుని ఇంటికొచ్చి, మంచం కింద పెట్టె కనిపించి తెరిచాను. అందులో ఆయన బట్టలు, చిన్న గ్యాసు స్టవ్వు, ఒక పళ్ళెం, ఒక గ్లాసు ఉన్నాయి. ఒక్కటే పళ్ళెం, ఒక్కటే గ్లాసు. పైన కాగితం మీద ఎవరో చింతూరు ఇంటి యజమాని ఫోన్ నంబరు, "ఒక గది, ఒక మనిషి" అని ఆయన రాత.

ఆయన అప్పుడే స్కూటరు ఆపి మెట్లెక్కుతున్నారు. నేను గ్లాసు పట్టుకుని మెట్ల మీదికి ఎదురెళ్ళాను.

"ఇదేంటి?"

ఆయన గ్లాసు కేసి చూశారు. "నిరూ, ఒకవేళ రాకపోతే ఏదో ఒకటి చూసుకోవాలి కదా..."

"గది ఎప్పుడు మాట్లాడారు?"

"పోయిన వారం."

"పోయిన వారమా! నేను రోజూ పొద్దున దేవుడికి దణ్ణం పెట్టుకుంటుంటే, నా పక్కన నిలబడి దణ్ణం పెడుతూ గది మాట్లాడుకున్నారా? నాతో ఒక్క మాట అనలేకపోయారా?"

"అంటే ఏడుస్తావని..."

"ఏడిస్తే ఏం? నా ఏడుపు కూడా మీరే ఏడ్చేస్తారా?"

ఆయన మొహం ఎర్రబడింది. అది నేను అంతకు ముందు చూడని ఎరుపు. "మరేం చెయ్యమంటావు? అన్నం వండుకోవడానికి స్టవ్వు కొనుక్కోవడం కూడా తప్పేనా? అసలిదంతా ఎవరివల్ల వచ్చింది? ఆ స్టేజీ ఎక్కి అంత గొప్పగా చెప్పకపోతే కొంప మునిగేదా? జంతికలు, గుల్లగా వేగడాలు! ఊరంతటికీ చెప్పాలా?"

వేరెవరన్నా నేను పట్టించుకునేదాన్ని కాదు. కానీ ఆ మాట నాకు మూడు వారాలుగా లోపల ఉంది. నాకు నేను రోజూ అనుకుంటున్న మాటే ఆయన నోట్లోంచి వచ్చింది. చేతిలో గ్లాసు విసిరాను. అది ఆయనకి తగలకుండా, మెట్లు ఒక్కొక్కటీ మోగించుకుంటూ వీధిలోకి దొర్లింది.

"అవును, నావల్లే! నువ్వు చూపించబట్టే కదా నేను చెప్పింది! ఉండు, నీ కంప్యూటరూ నీ సైన్సూ!"

లోపలికెళ్ళి తీగ పట్టుకుని లాగేశాను. తెర నల్లబడింది. అప్పటికి ఆ జంతిక తొంభై ఏడు శాతం వేగింది. పది రోజుల పని. ఆయన గుమ్మంలో నిలబడి చూశారు.

"సంతోషమా?" అన్నారు నెమ్మదిగా. ఆ నెమ్మది నాకు గ్లాసు మోత కన్నా గట్టిగా తగిలింది.

ఆయన ముందుగదిలో కుర్చీలో గోడవైపు తిరిగి కూర్చున్నారు. నేను వంటగదిలో పీట మీద కూర్చుని ఏడ్చాను. అరుగుల మీద ఉన్నవాళ్ళంతా లోపలికెళ్ళిపోయినట్టున్నారు. కాసేపటికి కింద నుంచి పిన్నిగారి కేక వినిపించింది.

"ఒసే! మూడూ పడ్డాయే! మూడూ అవునేనట! గ్లాసు వీధిలోకి రాగానే నొక్కారట!"

మేమిద్దరం కదల్లేదు. వంటింట్లోంచి నాకు ఆయన వీపు కనిపిస్తోంది. వెళ్ళి ఆ వీపు మీద చెయ్యి వెయ్యాలనిపించింది, వెయ్యలేదు. చీకటి పడుతుండగా సన్యాసిరావు గారు గ్లాసు తీసుకుని మెట్లెక్కి వచ్చారు. సొట్ట పడిన చోట తుడిచి మరీ తెచ్చారు.

"పొరపాటు నాదే తల్లీ" అన్నారు, కళ్ళు తుడుచుకుంటూ. "రోగ నిర్ధారణలో తొందరపడ్డాను. చిలకాగోరింకల్లా ఉన్నారు. ఇలాగే నూరేళ్ళు ఉండండి."

మర్నాడు ఉదయం పదింటికి ఆఫీసులో చెరో బెంచీ మీద కూర్చున్నాం. రాత్రి నుంచి మా మధ్య "కూర కావాలా", "వద్దు" తప్ప మాటల్లేవు. వరదరాజులు గారు ధ్రువపత్రాన్ని రెండు చేతులా పట్టుకుని వచ్చారు.

"నూటికి నూరు శాతం ఏకీభావం! ఈ పథకంలో ఇదే ప్రథమం. మీ దాంపత్యం శాస్త్రీయంగా రుజువైంది." కాగితం అడుగున చిన్న అక్షరాలు వేలితో చూపించారు. "అయితే ఇది షరతులకు లోబడినది. దంపతుల నడవడియందు అనుమానాస్పదమైన మెరుగుదల గమనించబడినచో, ఇరుగుపొరుగు కంప్యూటర్ల ద్వారా పునఃపరిశీలన జరిపి, ధ్రువపత్రము రద్దు చేయబడును. బదిలీ యథాతథముగా అమలగును."

మా ఆయన ఆ కాగితం తీసుకుని, రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు. తర్వాత నా బెంచీ దగ్గరికి వచ్చి, నా వైపు చూడకుండా ఎదుటి గోడనే చూస్తూ అన్నారు.

"పొద్దునే ఆ చింతూరు ఇంటాయనకి ఫోన్ చేశాను. గది వద్దన్నాను."

"కాగితం చేతికి రాకముందేనా?"

"ఊఁ. రాకపోతే సెలవు పెట్టేద్దామనుకున్నా. నిన్ను వదిలి ఎక్కడికీ వెళ్ళను అని చెప్పడానికి రాత్రంతా చూశాను. నువ్వేమో కూర కావాలా అంటావు."

"మీరేమో వద్దంటారు!" అన్నాను. నాకు కళ్ళల్లో నీళ్ళు, నోట్లో నవ్వు ఒకేసారి వచ్చేశాయి. ఆయన చెయ్యి పట్టుకోబోయాను.

"ఇక్కడొద్దమ్మా!" అని శేషుమాంబ గారు గోడవైపు నుంచే హడలిపోయారు. "ఇంకా ముద్ర తడి ఆరలేదు!"

ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నారు. నేను కొంగుతో మొహం తుడుచుకున్నాను. బయటికొచ్చాం. స్కూటరు మీద ఇద్దరం కూర్చుంటే నా చెయ్యి దానంతటదే ఆయన భుజం మీదికి పోతుంది. అందుకని ఆయన దాన్ని నడిపించుకుంటూ రోడ్డుకి ఆ పక్కన, నేను ఈ పక్కన బయల్దేరాం. మా వీధి మొదలయ్యేసరికి ఇద్దరం మొహాలు ముడుచుకున్నాం. అరుగుల మీద అందరూ ఉన్నారు.

సన్యాసిరావు గారి ఇంటి ముందు మా ఆయన ఆగి, నా వైపు తిరిగి గట్టిగా అరిచారు. "ఏంటా నత్తనడక? త్వరగా తగలడు!"

ఆయన పెదవి చివర వణకడం నాకు రోడ్డుకి ఇటువైపు నుంచి కూడా కనిపించింది. ఇంకొక్క క్షణమైతే పగలబడి నవ్వేస్తారు, అందరికీ వినిపించేస్తుంది. ఏం చెయ్యాలో తోచక, వీధంతా దద్దరిల్లేలా, ఆయన నవ్వు పూర్తిగా మునిగిపోయేలా తిట్టడం మొదలుపెట్టాను.